కంచం ఎవరు కడగాలి? ఒక డెల్టా సంఘం ప్రేమ విందు కేస్ స్టడీ

సృష్టిని కాపాడటం విశ్వాసంలో భాగమే అని నమ్మిన ఒక క్రైస్తవ సంఘం, ఆ నమ్మకాన్ని ఆరాధన తర్వాత అందరూ కలిసి తినేలా నెలకోసారి పెట్టే ప్రేమ విందులో ఆచరించి చూపాలనుకుంది. పని కుదురుకోవడానికి పదకొండు నెలలు పట్టింది. మూడు పద్ధతులు విఫలమయ్యాయి. వాటిలో ఒకటి ఎక్కడైనా పనిచేస్తుందని పర్యావరణ పనిలో ఉన్నవాళ్ళంతా నమ్మే పద్ధతి. అది ఇక్కడ ఎందుకు కూలిపోయిందో మిగతా సంఘాలకు తెలియాలనే ఈ కేసు రాస్తున్నాం. ఊరు, సంఘం, మనుషుల పేర్లు రాయలేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాం.

నేపథ్యం

కోస్తా డెల్టాలో పంట కాలవ పక్కనున్న చిన్న పట్టణం. ఆదివారం ఆరాధనకు దాదాపు 300 మంది వస్తారు. ఎక్కువమంది దళిత క్రైస్తవులు. వ్యవసాయ కూలీలు, మేస్త్రీలు, ప్రభుత్వ బడి టీచర్లు, నర్సులు ఉన్నారు. పురపాలక సంఘంలో పారిశుద్ధ్య పని చేసే కుటుంబాలూ ఉన్నాయి. నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన), ఆ తర్వాత ప్రేమ విందు. క్రిస్మస్‌కు, సంఘ వార్షికోత్సవానికి 900 మంది దాకా వస్తారు.

2022 జూలై 1 నుంచి దేశమంతటా థర్మోకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు నిషేధంలోకి వెళ్ళాయి. దుకాణదారు వాటి బదులు పేపర్ ప్లేట్లు, పేపర్ గ్లాసులు ఇవ్వడం మొదలుపెట్టాడు. నిషేధం పాటిస్తున్నామనే అందరూ అనుకున్నారు. నిజానికి ఆ ప్లేటు పైభాగాన పల్చని ప్లాస్టిక్ పొర ఉంటుంది. గ్లాసు లోపలా అంతే. ఆ పొర లేకపోతే పప్పుచారు పోసిన రెండు నిమిషాలకే ప్లేటు మెత్తబడి చినిగిపోతుంది. కొనేముందు చూసుకోవాలంటే ఒక ప్లేటును రాత్రంతా నీళ్ళలో నానబెట్టి పొద్దున అంచు దగ్గర గోటితో గీకండి. కాగితం గుజ్జయి ఊడిపోతే, పొర ఒక్కటే పారదర్శకంగా చేతికి వస్తుంది.

విందయ్యాక ప్లేట్లు, మిగిలిన అన్నం, నీళ్ళ సీసాలు అన్నీ కలిపి గుడి (చర్చి) వెనక పోసేవారు. కొంత తగలబెట్టేవారు, కొంత మురుగు కాలవలో పడేది. మిగిలింది సోమవారం పారిశుద్ధ్య సిబ్బంది ఎత్తుకెళ్ళేవారు.

సమస్య బయటపడిన తీరు

పైకి కనబడిన సమస్య వేరు. మురుగు కాలవ పూడిపోయి దోమలు పెరిగాయని పక్కిళ్ళవాళ్ళు ఫిర్యాదు చేశారు. వంద మందికి పైగా చేరే కార్యక్రమం పెట్టేవాళ్ళు మూడు పని దినాల ముందే స్థానిక సంస్థకు చెప్పాలని, చెత్తను అక్కడికక్కడే వేరు చేయాలని అప్పట్లో అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. ఆ సంగతి సంఘ కమిటీలో ఎవరికీ తెలియదు.

అసలు మాట స్త్రీల సమాజం కూటంలో వచ్చింది. పారిశుద్ధ్య పని చేసే ఒక పెద్దావిడ లేచి అయ్యగారిని, అంటే సంఘ కాపరిని, అడిగింది: "అయ్యగారూ, ఆదివారం అందరితోపాటు కూచుని తింటాను. సోమవారం పొద్దున్నే ఆ ఎంగిలి ప్లేట్లు నేనే ఎత్తాలి. అదేం ప్రేమ విందండీ?" కూటం నిశ్శబ్దమైపోయింది. ఇలాంటి పనిలో సంఘాలకు సలహా ఇచ్చే మమ్మల్ని కమిటీ పిలిచింది ఆ మాట విన్నాకే.

మొదటి నిర్ణయం: తూకం

ఏ మార్పూ చెప్పకుండా ముందు తూకం వేయాలనుకున్నాం. "చాలా చెత్త" అనే మాట మీద ఏ నిర్ణయమూ నిలబడదు. మూడు డ్రమ్ములు, వేలాడదీసే తూకం ఒకటి, రాసుకోవడానికి నోటు పుస్తకం, ఇద్దరు యౌవనస్థులు. ఒక డ్రమ్ములో ప్లేట్లలో వదిలేసిన తిండి, రెండో దానిలో వడ్డించకుండా గిన్నెల్లో మిగిలింది, మూడో దానిలో ప్లేట్లు, గ్లాసులు, సీసాలు.

300 మంది తిన్న ఒక విందులో ప్లేట్లలో వదిలింది 28 కిలోలు, గిన్నెల్లో మిగిలింది 22 కిలోలు, పొడి చెత్త 9 కిలోలు. అందరూ ప్లేట్ల గురించే మాట్లాడుతున్నారు గానీ బరువంతా అన్నంలో ఉంది. కాలవలో కుళ్ళి కంపు కొట్టేదీ, గాలి ఆడని గుట్టలో భూమిని వేడెక్కించే మీథేన్ వాయువుగా మారేదీ అదే. పశువులు ప్లాస్టిక్‌తో సహా మింగడానికి కారణం కూడా ప్లేటుకు అంటిన అన్నమే.

ఈ లెక్కతో పని రెండుగా విడిపోయింది. వంట తగ్గించడం తేలిక, ఎవరి మనసూ నొచ్చుకోదు. ప్లేటు మార్చడం కష్టం. తేలికైనదాంతో మొదలుపెట్టాం. వంటమేస్త్రీ 300 మందికి 45 కిలోల బియ్యం వేసేవాడు, అంటే తలకు 150 గ్రాములు. పిల్లలు కలిసిన గుంపుకు అది ఎక్కువ. తలకు 120 గ్రాముల లెక్కన 36 కిలోలకు దించాం. చాలకపోతే పరువు పోతుందని మేస్త్రీ భయపడ్డాడు. ఆ భయం న్యాయమైనదే. అందుకని 5 కిలోల బియ్యం కడిగి, ఎసరు కాగబెట్టి పక్కన ఉంచమన్నాం. రెండో బంతి కూర్చునే సమయానికి గిన్నె సగం కంటే తగ్గితే ఆ బియ్యం వేయాలి. మొదటి ఆరు నెలల్లో ఒక్కసారే వేయాల్సి వచ్చింది.

వడ్డన మీద కూడా ఒక మాట. ముందే నింపిన ప్లేట్లు చేతికివ్వడం మానేసి, కూర్చున్నాక కొద్దికొద్దిగా వడ్డించి మారు అడగమన్నాం. ప్లేట్లలో వదిలే అన్నం తగ్గింది ప్రధానంగా దీనివల్లే.

ప్రసంగం వల్ల ఏం జరిగింది

చాలా సంఘాలు సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా సృష్టి కాలం పాటిస్తాయి. 1989లో ఆర్థడాక్స్ సంఘ పాట్రియార్క్ దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా ప్రకటించారు. ఈ కాలం అక్కడి నుంచి పెరిగింది. ఈ సంఘం కూడా 2022 సెప్టెంబరులో ఆ కాలంలోనే మొదలుపెట్టింది. అయ్యగారు 24వ కీర్తన తీసుకున్నారు: "భూమియు దాని సంపూర్ణతయు లోకమును దాని నివాసులును యెహోవావే." మంచి ప్రసంగం. అందరూ ఆమేన్ అన్నారు. మధ్యాహ్నం విందులో పేపర్ ప్లేట్లు అలాగే వచ్చాయి, అలాగే వెళ్ళాయి.

ఆ తర్వాత రెండు అభ్యంతరాలు వినిపించాయి. ఒకటి, ఈ భూమి ఎలాగూ కాలిపోయేదే కదా, ఆత్మల సంగతి చూడక చెత్త సంగతి ఎందుకని. రెండోది, ఇది ప్రకృతి పూజ వైపు లాక్కెళ్తుందేమోనని. ఈ రెంటికీ వాదించి జవాబు చెప్పొద్దని కమిటీని కోరాం. వాదంలో ఓడినవాడు కంచం కడగడానికి రాడు. దాని బదులు వాక్యభాగం మార్చమన్నాం. యోహాను 6లో ఐదు వేలమంది తిన్నాక ప్రభువు చెప్పిన మాట ఇది: "ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుడి." అద్భుతం చేసి కావలసినంత పుట్టించగలిగినవాడు ముక్కలు ఏరమంటున్నాడు. పన్నెండు గంపలు నిండాయి. ఈ వాక్యంలో చేయాల్సిన పని ఉంది, అదీ భోజనం దగ్గరే. కీర్తన విన్నవాళ్ళు తలూపారు. ఇది విన్నవాళ్ళు "గంపలు ఎవరు తెస్తారు?" అని అడిగారు. యౌవనస్థులు తూకం పనికి పన్నెండు గంపల పని అని పేరు పెట్టుకున్నారు.

విఫలమైనవి

మొదటిది, "ఎకో" ప్లేట్లు. 2022 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పోక ఆకు ప్లేట్లు, అడ్డాకు విస్తళ్ళు వాడారు. పోక ఆకు ప్లేటు మంచిదే గానీ పేపర్ ప్లేటుకు రెండింతలు పైగా పడింది. నవంబరుకల్లా కానుకల పెట్టె మీద భారం తెలిసింది. అడ్డాకు విస్తళ్ళు చవక. మన ఏజెన్సీ అడవుల్లో ఏరి కుట్టినవి కాబట్టి వాటికి ఇచ్చే డబ్బు గిరిజన కుటుంబాలకు చేరుతుందనే సంతోషం కూడా ఉంది. కానీ బజారులో దొరికేవి ఎక్కువగా మిషను మీద ఒత్తినవి. ఆకు కింద ప్లాస్టిక్ పొరో, వెండి రంగు కాగితమో అతికించి ఉంటుంది. కంపోస్టు తిరగేసినప్పుడు ఆ పొరలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. కొంటే పుల్లలతో చేత్తో కుట్టినవే కొనాలి, కింది వైపు తిప్పి చూశాకే డబ్బివ్వాలి.

రెండో వైఫల్యం గురించే ఈ కేసు రాయాలనిపించింది.

2023 జనవరిలో, ఎవరి కంచం, గ్లాసు వాళ్ళే ఇంటి నుంచి తెచ్చుకోవాలని ప్రకటించారు. ఈ సలహా మేమే ఇచ్చాం. ఖర్చు లేదు, చెత్త లేదు, కడిగే పని ఇంటికే పోతుంది. కాగితం మీద ఇంతకంటే మంచి పద్ధతి లేదు. మొదటి నెల 300 మందికి గాను 210 మంది తిన్నారు. రెండో నెల 160. ఆరాధనకు వచ్చేవాళ్ళు తగ్గలేదు. ఆశీర్వచనం అయ్యాక విందుకు ఆగకుండా వెళ్ళిపోతున్నారు. వెళ్ళేవాళ్ళలో అరవై దాటినవాళ్ళే ఎక్కువ.

మరిచిపోయారనో, మోసుకు రావడం కష్టమనో కమిటీ అనుకుంది. సంచులు కుట్టించి ఇద్దామన్నారు. ఆ ఖర్చు పెట్టే ముందు ఇళ్ళకు వెళ్ళి అడగాలని చెప్పాం. ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పెద్దలు కలిసి పద్దెనిమిది ఇళ్ళు తిరిగారు. "ఎందుకు రావడం లేదు?" అని అడగలేదు, అలా అడిగితే సంజాయిషీ వస్తుంది. "చిన్నప్పుడు పెళ్ళిళ్ళకి, పండగలకి ఎక్కడ, ఎలా తినేవారు?" అని అడిగారు.

జవాబులు దాదాపు ఒకేలా వచ్చాయి. పనికి వెళ్ళిన ఆసామి ఇంట్లో అన్నం పెడితే గిన్నె మనమే పట్టుకెళ్ళాలి. పెరట్లోనే తినాలి. హోటల్లో మన గ్లాసు వేరు, తాగి మనమే కడిగి చూరులో బోర్లించి రావాలి. రెండు గ్లాసుల పద్ధతి వాళ్ళకు చరిత్ర పుస్తకంలోని మాట కాదు, చేతికి తగిలిన గ్లాసు. గుడిలోకి వచ్చాకే, జీవితంలో మొదటిసారి, అందరికీ ఒకేలాంటి ప్లేటు, ఒకే బంతి. "మళ్ళీ గిన్నె పట్టుకుని రమ్మంటే కాళ్ళు రాలేదమ్మా" అని ఒక పెద్దాయన చెప్పాడు.

పేపర్ ప్లేటు ఆ మనుషులకు చెత్త కాదు, సమానత్వానికి గుర్తు. ఎవరి నోరూ తగలని కొత్త ప్లేటు, అందరికీ ఒకటే ప్లేటు. దాన్ని తీసేసి దాని చోట అవమానాన్ని గుర్తుచేసే వస్తువు పెట్టాం. పద్ధతిలో లోపం లేదు. వేరే సంఘంలో ఇదే పద్ధతి హాయిగా నడుస్తుంది. ఈ సంఘం చరిత్ర తెలుసుకోకుండా సలహా ఇవ్వడమే తప్పు. మార్చిలో ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. ఊరికే ఆపేయకుండా, అయ్యగారు గుళ్ళో నిలబడి కారణం చెప్పి క్షమాపణ అడిగారు. తర్వాతి ప్రయత్నానికి జనం ఒప్పుకోవడానికి ఆ క్షమాపణే కారణమని మా అభిప్రాయం.

మూడోది, స్టీలు కంచాలు కొని కడిగే పనిని స్త్రీల సమాజానికి అప్పగించడం. ఏప్రిల్ నుంచి జూలై దాకా నడిచింది. మొదటి నెల పదిహేను మంది కడిగారు. జూలైకి నలుగురు. ఆ నలుగురూ కూలి పనులు చేసుకునే స్త్రీలే. టీచర్లు, ఉద్యోగుల ఇళ్ళవాళ్ళు ఏదో ఒక కారణం చెప్పి తప్పుకున్నారు. కుళాయి కింద కడగడంతో వెయ్యి లీటర్ల ట్యాంకులో 900 లీటర్ల దాకా ఖాళీ అయ్యేది. నూనె జిడ్డు పోని కంచాలు మర్నాటికి వాసన వచ్చేవి. పారిశుద్ధ్య పని చేసే ఆ పెద్దావిడ కూడా ఆ నలుగురిలో ఉంది. సోమవారం ఎత్తాల్సిన ఎంగిలిని ఇప్పుడు ఆదివారమే కడుగుతోంది. ప్లాస్టిక్ పోయింది, అన్యాయం అలాగే ఉంది.

పనిచేసింది

ఆగస్టులో కమిటీ ముందు మూడు షరతులు పెట్టాం. కంచం సంఘానిదై ఉండాలి, అందరికీ ఒకేలాంటిదై ఉండాలి. ఎవరి కంచం వాళ్ళే కడగాలి. కడగలేని ముసలివాళ్ళవి, చిన్నపిల్లలవి, జబ్బుగా ఉన్నవాళ్ళవి అయ్యగారూ సంఘ పెద్దలే కడగాలి, ఆ పనిని ఇంకొకరికి అప్పగించకూడదు.

మూడో షరతు మీద చర్చ చాలాసేపు నడిచింది. పరిశుద్ధ గురువారం నాడు పాదాలు కడిగే ఆరాధన ఉంది కదా, ఏడాదికోసారి పెద్దలు కంచాలు కడిగితే చాలదా అన్నారు. చాలదని చెప్పాం. ఏడాదికోసారి చేసేది ఆచారంగా మిగిలిపోతుంది. ప్రతి నెలా చేస్తేనే అలవాటవుతుంది. మన తెలుగు బైబిల్లో యోహాను 13లో ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన మాట "పళ్లెములో నీళ్లు పోసి" అనే మొదలవుతుందని ఒక పెద్ద గుర్తుచేశాక చర్చ ముగిసింది. మొదటి నెల వరసలో అయ్యగారు ముందు నిలబడ్డారు. పిల్లలకు అది చాలా నచ్చింది. పెద్దవాళ్ళు కాసేపు ఇబ్బంది పడ్డారు, తర్వాత కలిసిపోయారు.

ఏప్రిల్‌లో కొన్న కంచాలతో కలిపి మొత్తం కొనుగోలు: 11 అంగుళాల స్టీలు కంచాలు 350, ఒక్కోటి 110 రూపాయలు, 38,500. గ్లాసులు 350, ఒక్కోటి 35, 12,250. తొట్లు, తీగ బుట్టలు, ఆరబెట్టే స్టాండ్లు 9,000. మొత్తం 59,750. అంతకుముందు ప్లేటు, గ్లాసు, చిన్న నీళ్ళ సీసా కలిపి తలకు 8 రూపాయల 30 పైసలు పడేది. 330 మంది లెక్కన నెలకు దాదాపు 2,740. ఇప్పుడు నీళ్ళ క్యాన్లు, సబ్బు, గ్యాసు కలిపి నెలకు సుమారు 340. పెట్టిన డబ్బు రెండేళ్ళ పైచిలుకులో తిరిగి వస్తుంది.

చాలామంది చనిపోయిన తల్లిదండ్రుల జ్ఞాపకార్థం కంచాలు కొనిస్తామన్నారు, పేర్లు చెక్కించమన్నారు. డబ్బు తీసుకోమన్నాం, పేర్లు చెక్కించొద్దన్నాం. పేరున్న కంచం ఆ ఇంటిదైపోతుంది. వాళ్ళు వెతుక్కుని అదే తీసుకుంటారు, పేరు లేని కంచం ఎవరికి వస్తుందో అందరూ చూస్తారు. ఇచ్చినవాళ్ళ పేర్లు సంఘ రిజిస్టరులో రాసి ప్రార్థనలో చదివారు. కంచాల వెనక సంఘం పొట్టి పేరు ఒక్కటే చెక్కించారు.

కడిగే ఏర్పాటు వివరంగా రాస్తున్నాం, చాలా సంఘాల్లో ఇక్కడే పని చెడుతుంది. మనిషికి నలభై సెకన్లు పడుతుంది. ఒకే వరస అయితే 300 మందికి మూడు గంటల ఇరవై నిమిషాలు. అంతసేపు ఎవరూ నిలబడరు. నలుగురు ఒకేసారి కడిగే వీలుంటే యాభై నిమిషాలు, రెండు బంతులకు విడదీస్తే బంతికి పాతిక. అందుకే రెండు సెట్లు పెట్టాం. సెట్టుకు మూడు తొట్లు, తొట్టికి 30 లీటర్లు, తొట్టి దగ్గర ఇద్దరు నిలబడేలా.

తొట్టి దగ్గరికి రాకముందే కంచంలో మిగిలింది డ్రమ్ములోకి దులపాలి. ఇందుకు చేతి బదులు పాత రబ్బరు ముక్క వాడతారు. ఎంత బాగా దులిపితే మొదటి తొట్టి అంతసేపు నిలుస్తుంది. మొదటి తొట్టిలో వట్టి నీళ్ళు. రెండోదానిలో గోరువెచ్చని నీళ్ళు, రెండు పెద్ద చెంచాల సబ్బు ద్రవం, కొబ్బరి పీచు. నురగ ఎక్కువైతే బాగా శుభ్రమవుతుందని సబ్బు పోస్తూనే ఉంటారు. నురగ పోగొట్టడానికి మళ్ళీ నీళ్ళు కావాలి. మూడో తొట్టి జాడించడానికి. చివర పొయ్యి మీద 40 లీటర్ల గిన్నె, దాదాపు 80 డిగ్రీల వేడి. థర్మామీటరు లేకపోతే అడుగున బుడగలు లేస్తూ ఇంకా తెర్లని దశ చూసుకోవాలి. తీగ బుట్టలో కంచాలు పేర్చి అర నిమిషం ముంచాలి. ఆ పని ఇద్దరు పెద్దవాళ్ళదే, పిల్లల్ని అటు రానివ్వకూడదు. ఆ వేడికి కంచం తనంతట తానే ఆరిపోతుంది. గుడ్డతో తుడవకూడదు, ఒక కంచం మురికి గుడ్డ ద్వారా నూరు కంచాలకు అంటుతుంది.

మొదటి తొట్టిని యాభై కంచాలకోసారి, మిగతా రెంటిని డెబ్బై అయిదుకోసారి మార్చాలి. మార్చేటప్పుడు మూడో తొట్టి నీళ్ళు పారబోయక మొదటి తొట్టిలోకి వంచాలి. ఇలా మొత్తం నీళ్ళు 900 లీటర్ల నుంచి సుమారు 400కు దిగాయి.

ఆ మురికి నీళ్ళకు మొదట ఇంకుడు గుంట తవ్వారు. డెల్టా నల్లమట్టిలో, కాలవలు పారే నెలల్లో, భూగర్భ జలం గుంట అడుగుకే వచ్చేస్తుంది. నీళ్ళు ఇంకలేదు, దోమలు పెరిగాయి. నేల మీద అడుగున్నర ఎత్తు గట్టు కట్టి, కంకర, మట్టి నింపి, మెట్టతామర, అరటి నాటాక సమస్య తీరింది. జిడ్డు మొక్కలకు చేరకుండా ముందు ఒక డ్రమ్ములో అరగంట నిలబెట్టి, పైన తేలింది తీసేస్తారు.

కంపోస్టు దగ్గర తప్పులు

కంపోస్టు కూడా సెప్టెంబరులోనే గొయ్యి తవ్వి మొదలుపెట్టారు. సృష్టి కాలం క్యాలెండరు వానాకాలంలో పడుతుంది, మన డెల్టాలో కంపోస్టు మొదలుపెట్టడానికి అంతకంటే చెడ్డ నెల లేదు. గొయ్యిలో నీరు ఊరింది, పురుగులు పట్టాయి, ఎలుకలు వచ్చాయి. జనవరిలో నేల మీద, అడుగున ఇటుకలు పరిచి, నాలుగడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుతో, ఇటుకకూ ఇటుకకూ మధ్య రెండు అంగుళాల సందు వదిలి రెండు తొట్లు కట్టారు. పైన రేకు. అడుగున అర అడుగు కొబ్బరి మట్టల ముక్కలు, గాలి ఆడటానికి.

పులుసు, చారు ముందు వడగట్టాలి. ఒక బకెట్టు తిండికి రెండు బకెట్లు ఎండాకులో తరిగిన వరిగడ్డో కలపాలి. దాని మీద బుట్టెడు సగం మాగిన పాత కంపోస్టు, మొదటిసారైతే పేడ నీళ్ళు. డెల్టాలో ఊక ఊరికే దొరుకుతుంది కదా అని ఒకసారి గడ్డి బదులు ఊక వేశారు. మూడు నెలల తర్వాత కూడా ఊక ఊకలాగే ఉంది. దానిలో ఇసుకలాంటి సిలికా ఎక్కువ, త్వరగా కుళ్ళదు. పిడికిట బిగిస్తే రెండు మూడు చుక్కలు రావాలి. ధారగా కారితే గడ్డి కలపాలి, అసలు రాకపోతే నీళ్ళు చల్లాలి. మూడో రోజు ఇనుప చువ్వ గుచ్చి తీస్తే చేతికి వేడి తగలాలి. తగలకపోతే గాలో, తడో తక్కువన్నమాట. వారానికోసారి తిరగేస్తే 70 రోజులకు మట్టి వాసన వస్తుంది.

ఎముకలు ఈ తొట్టిలో వేయరు. వేరే డబ్బాలో పోగుచేసి, వేసవిలో మూడడుగుల లోతున కొబ్బరి చెట్ల మధ్య పూడుస్తారు. వానాకాలంలో అది కుదరదు కాబట్టి పురపాలక తడి చెత్త బండికి ఇస్తారు. మాంసం మానేయమని మేము చెప్పలేదు. ఈ సంఘంలో పండగ నాడు మాంసం తినడం ఎంత పోరాడితే వచ్చిందో గిన్నె కథ విన్నాక తెలిసింది. వాళ్ళ కంచంలో ఏముండాలో బయటివాళ్ళు చెప్పే పరిస్థితి మళ్ళీ తేకూడదు.

వడ్డించని అన్నం, కూర మాత్రం మధ్యాహ్నం రెండు గంటలకల్లా స్టీలు క్యారేజీల్లో సర్ది, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు పంపుతారు. రెండు దాటితే ఎవరికీ పెట్టరు, వండిన అన్నం ఆ వేడిలో పాడైపోతుంది. వండే సమయం పలక మీద రాసి పెడతారు.

2024 జూలై తూకం: కంచాల్లో వదిలింది 9 కిలోలు, గిన్నెల్లో మిగిలింది 5, పొడి చెత్త కిలో లోపు. విందుకు కూర్చున్నవాళ్ళు 320.

నేర్చుకున్నవి

మొదటి సలహాగా "మీ కంచం మీరే తెచ్చుకోండి" అనే మాటను ఇప్పుడు ఏ సంఘానికీ చెప్పడం లేదు. ముందు పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, ఎవరి ఇంట్లో ఎలా తిన్నారో వింటున్నాం. ఆదికాండము 2:15లో తోటను "సేద్యపరచుటకును దాని కాచుటకును" అని రెండు పనులు పక్కపక్కనే ఉన్నాయి. నేలను కాచే పనిని ఎప్పుడూ వంగి పనిచేసేవాళ్ళ వీపు మీదికే నెడితే సగం వాక్యమే పాటించినట్టు. ఏ పద్ధతి పెట్టినా "ఇప్పుడు ఈ పని ఎవరి చేతికి వెళ్ళింది?" అనే గడిని తూకం పుస్తకంలో చేర్చాం. మూడో వైఫల్యం తొలి నెలలోనే ఆ గడిలో కనబడి ఉండేది.

ప్రభు బల్ల దగ్గర వాడే చిన్న ప్లాస్టిక్ గిన్నెల బదులు గాజు గిన్నెలు వచ్చాయి. వాటినీ వేడి నీళ్ళలోనే ముంచుతారు. ఫ్లెక్సీలు మాని, తేదీ మార్చుకునే గుడ్డ బ్యానరు కుట్టించారు. వీటికి పెద్ద చర్చ జరగలేదు.

తీరని సమస్య క్రిస్మస్. 900 మందికి 350 కంచాలు చాలవు. బంతి భోజనంగా అరిటాకులు వేద్దామని 2023లో నిర్ణయించారు. డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. డెల్టాలో అరటి తోటలు ఒరిగాయి, నిలిచిన చెట్లకు ఆకులు చీలికలై వేలాడాయి. ఆకులు దొరకక మూడు వారాల్లో చేత్తో కుట్టిన విస్తళ్ళు ఎక్కడెక్కడి నుంచో తెప్పించాల్సి వచ్చింది. సగం మందికే సరిపోయాయి, మిగతా సగం పేపర్ ప్లేట్లే. ఇప్పుడు అక్టోబరులోనే విస్తళ్ళకు ఆర్డరు ఇస్తున్నారు. ఎండబెట్టిన ఆకు కాబట్టి తడి తగలకుండా ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది.

నీళ్ళ సీసాల సంగతి ఇంకా తేలలేదు. ప్రతి క్రిస్మస్‌కు ఒక దాత ముందు చెప్పకుండా వ్యాను నిండా చిన్న సీసాలు పంపుతాడు. ప్రేమతో పంపినవి తిప్పి పంపలేరు. నవంబరు మొదటి వారంలోనే ఆ ఇంటికి అయ్యగారు స్వయంగా వెళ్ళి, సీసాల బదులు 20 లీటర్ల క్యాన్లు, కుళాయి ఉన్న రెండు స్టీలు డ్రమ్ములు ఇప్పించమని అడగాలని ఈసారి కమిటీ తీర్మానించింది.